ఎర్రటి ఇనుము కింద ఏ ఉక్కు నిలబడుతుంది?

పోయిన నెల ఈ శీర్షికలో రోటవేటర్ బ్లేడ్ల గురించి రాస్తూ డైల (ముక్కను నొక్కి ఆకారం ఇచ్చే ఉక్కు అచ్చుల) సంగతి రెండు ముక్కల్లో వదిలేశాను. దాని మీద ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల నుంచి వరసగా మెసేజ్‌లు వచ్చాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం వేడి పనికి వాడే డై ఉక్కులకే ఇస్తున్నాను.

ప్రశ్న: అన్నా, మాది జడ్చర్ల దగ్గర చిన్న షెడ్డు. ట్రాక్టర్ రోటవేటర్ బ్లేడ్లు చేస్తాం. పట్టీని ఫర్నేసులో ఎర్రగా కాల్చి, ప్రెస్‌లో వంచి, ఆయిల్‌లో వేస్తాం. డై హెచ్‌సీహెచ్‌సీఆర్‌తో చేయించాం, హార్డ్‌నెస్ రాక్‌వెల్ సీ కొలతలో 58 నుంచి 60 ఉంది. అయినా మూడు నెలలు ఆగడం లేదు. అంచులు మొద్దుబారుతున్నాయి, ముఖం మీద సాలెగూడు లాగా సన్న పగుళ్లు వస్తున్నాయి, చివరికి మూల దగ్గర చీలిపోతోంది. ఇంకా గట్టి ఉక్కు ఏదైనా ఉందా?
- ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: తమ్ముడూ, ఇంకా గట్టిది తెస్తే ఇంకా తొందరగా పగులుతుంది. ముందు ఆ ఆలోచన పక్కన పెట్టు.

మన షాపుల్లో హెచ్‌సీహెచ్‌సీఆర్ (ఎక్కువ కార్బన్, ఎక్కువ క్రోమియం ఉక్కు) అని అడిగితే ఎక్కువగా ఇచ్చేది డీ2. అందులో కార్బన్ 1.5 శాతం దాకా, క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. చల్లటి రేకు కోయడానికి, పొడవడానికి చాలా మంచి ఉక్కు, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ 58, 60 హార్డ్‌నెస్ మామూలుగా 200 డిగ్రీల దగ్గర టెంపరింగ్ (గట్టిపరిచిన ఉక్కును మళ్లీ కొంత కాల్చి పెళుసుతనం తగ్గించడం, ఎక్కువ కాలిస్తే మెత్తబడుతుంది) చేస్తే వచ్చేది. అంటే ఆ ఉక్కు 200 డిగ్రీల దగ్గర కుదురుకుంది. నీ పట్టీ 900 డిగ్రీల మీద వచ్చి దాని మీద పడుకుంటే డై పైచర్మం 200 ఎప్పుడో దాటేసి చాలా పైకి పోతుంది, పట్టీ తీయగానే మళ్లీ దిగుతుంది. ఒక్కో బ్లేడుకు ఒక్కోసారి నీ డైకి నువ్వే తెలియకుండా టెంపరింగ్ చేస్తున్నావన్నమాట. అంచు మొద్దుబారడానికి కారణం ఇదే. నమ్మకం కలగకపోతే అరిగిపోయిన డై తీసుకెళ్లి పట్టీ తగిలే చోట ఒకసారి, వెనకవైపు ఒకసారి హార్డ్‌నెస్ చూపించు, తేడా నీకే కనపడుతుంది.

ఇక ఆ సన్న పగుళ్లు. నువ్వు సాలెగూడు అన్నావు, నేను ఎండాకాలం నల్లరేగడి చేను నెర్రెలు అంటాను, రెండూ ఒకటే. వేడి తగలగానే పైచర్మం సాగాలని చూస్తుంది, లోపలి ఉక్కు చల్లగానే ఉంటుంది కాబట్టి సాగనివ్వదు, అందుకని పైది నలుగుతుంది. తర్వాత చల్లబడేటప్పుడు అదే చర్మం వెనక్కి లాగబడుతుంది. నలగడం, లాగబడడం, రోజుకు వందలసార్లు. డీ2లో క్రోమియం కార్బైడ్ (క్రోమియం, కార్బన్ కలిసి ఏర్పడే గట్టి పదార్థం) గింజలు పెద్దవి. అరుగుదలను ఆపేది అవే, ఇలాంటి లాగుడుకు పగులు మొదలయ్యేదీ వాటి దగ్గరే.

నీకు సరిపోయేది హెచ్13. షాపులో హెచ్13 అన్నా, ఎస్‌కేడీ61 అన్నా, 1.2344 అన్నా దాదాపు ఒకే ఉక్కు, అమెరికా పేరు ఒకటి, జపాన్ పేరు ఒకటి, జర్మనీ పేరు ఒకటి. కార్బన్ 0.4 శాతం దగ్గర, క్రోమియం 5 శాతం, మాలిబ్డినం 1.1 నుంచి 1.75 మధ్య, వనేడియం 1 శాతం దగ్గర, సిలికాన్ కూడా 1 శాతం దగ్గర. దీని గొప్పతనం ఏమిటంటే 550 డిగ్రీల పైన టెంపర్ చేసినా మెత్తబడిపోదు, మాలిబ్డినం, వనేడియం కలిసి సన్నటి కార్బైడ్లుగా అప్పుడే బయటికొచ్చి ఉక్కును పట్టి ఉంచుతాయి. 550 దగ్గర టెంపర్ చేస్తే 52 దాకా, 600 దగ్గర చేస్తే 48 చుట్టుపక్కల హార్డ్‌నెస్ వస్తుంది. అంత పైన కుదురుకున్న ఉక్కు కాబట్టి పట్టీ వేడికి అంత తొందరగా లొంగదు. నీది ప్రెస్‌లో వంచే పని, సమ్మెట దెబ్బ లేదు, కాబట్టి 48 నుంచి 50 పెట్టించు. డ్రాప్ హ్యామర్ మీద కొట్టే డై అయితే ఇంకా కిందికి, 42 నుంచి 46 లోపల ఉండాలి. 60 నుంచి 48కి దిగుతున్నామంటే మీ షెడ్డులో పెద్దవాళ్లు ఒప్పుకోరేమో, ఒక్క డై చేయించి చూపించు.

హ్యామర్ పనికి డీబీ6 అనే నికెల్ ఉక్కు కూడా చాలామంది వాడతారు. దెబ్బకు బాగా తట్టుకుంటుంది. కానీ వేడి ముక్క డై మీద ఆగి ఉండే పనిలో హెచ్13 ముందు అది నిలవదు.

ఇప్పుడు అసలు మాట. హెచ్13 కొన్నంత మాత్రాన పని అయిపోదు. దాన్ని ఎవరు, ఎలా హార్డెనింగ్ చేస్తారన్న దాని మీదే డై బతుకు ఉంటుంది. చాలా ఏళ్ల కిందట నేను హైదరాబాద్‌లో టూల్‌రూమ్‌లో ఉన్నప్పుడు ఒక డై బయట హీట్ ట్రీట్‌మెంట్‌కు పంపాం. సాయంత్రం తెచ్చి బల్ల మీద పెట్టాం, చేత్తో పట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది, హార్డ్‌నెస్ 55 చూపించింది, అందరం సంతోషపడ్డాం. రాత్రి షిఫ్టులో ఎవరూ ముట్టుకోకుండానే ఠంగ్ మని చప్పుడు. పొద్దున చూస్తే స్క్రూ రంధ్రం నుంచి అంచు దాకా వెంట్రుక పట్టేంత చీలిక. టెంపరింగ్ అసలు చేయలేదు, తర్వాత చేద్దాంలే అని ఇచ్చి పంపారు. వారం రోజుల మిల్లింగ్ పని అది. ఆ చీలిక మీద గోరు పెట్టి నడిపించింది నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి ఇవ్వబోయే ముందే అడుగు. వేడి మెట్లు మెట్లుగా ఎక్కిస్తారా, అంటే 600 డిగ్రీల దగ్గర ఒకసారి, 850 దగ్గర ఒకసారి ఆపి, లోపలా బయటా సమానమయ్యాక 1020 దగ్గరికి తీసుకెళ్తారా అని అడుగు. చల్లార్చాక ముక్క 50, 60 డిగ్రీలకు రాగానే, అంటే చేత్తో పట్టుకోగలిగినంత వేడికి రాగానే, ఆలస్యం చేయకుండా టెంపరింగ్‌లో పెట్టాలి. అది కూడా కనీసం రెండుసార్లు, మూడైతే ఇంకా మంచిది, ఒక్కోసారి రెండు గంటలకు తగ్గకుండా, మధ్యలో పూర్తిగా చల్లారనిచ్చి. ఒకసారి చేస్తే చాలదా అంటారు. మొదటి టెంపరింగ్ తర్వాత చల్లారేటప్పుడు, లోపల మిగిలిపోయిన ఆస్టెనైట్‌లో (బాగా కాలినప్పుడు ఉక్కు ఉండే స్థితి) కొంత పచ్చి మార్టెన్‌సైట్‌గా (చల్లార్చితే వచ్చే గట్టి, పెళుసు స్థితి) మారుతుంది, దాన్ని కుదుర్చేది రెండోసారి. వాక్యూమ్ ఫర్నేసు ఉన్నచోట ఇస్తే పైన కార్బన్ పోదు. మామూలు ఫర్నేసులో గాలి తగిలేలా పెడితే పైపొర మెత్తబడి వస్తుంది, గ్రైండింగ్‌కు తగినంత మందం వదలకపోతే ఆ మెత్తటి పొర మీదే నువ్వు పని మొదలుపెడతావు.

డిజైన్‌లో ఒక్క సంగతి: మూల దగ్గర చీలుతోంది అన్నావు. ఆ మూల కత్తిలా పదునుగా ఉండి ఉంటుంది. బ్లేడు ఆకారం ఒప్పుకున్నంత మేరకు గుండ్రం చెయ్యి. మూల పదునుగా ఉంటే ఏ ఉక్కు పెట్టినా చీలిక అక్కడే మొదలవుతుంది.

ఇంకొకటి, దీని మీద నేను ఎంత చెప్పినా తక్కువే. పొద్దున షెడ్డు తెరవగానే చల్లటి డై మీద ఎర్రటి పట్టీ పెట్టకండి. డై కూడా ముందు వెచ్చబడాలి, 150 నుంచి 200 డిగ్రీలకు. గ్యాస్ బర్నర్‌తో నెమ్మదిగా చేయొచ్చు, లేదా ఎర్రగా కాల్చిన పనికిరాని ముక్కలు డై మధ్యలో పెట్టి, ప్రెస్ కొట్టకుండా కాసేపు వదిలేయొచ్చు. సంక్రాంతి ముందు చలి పొద్దుల్లో డైలు ఎక్కువ పగలడం ఊరికే జరిగేది కాదు, చల్లటి హెచ్13 పెళుసుగా ఉంటుంది. అట్లాగే మధ్యాహ్నానికి డై బాగా కాలిందని మగ్గుతో నీళ్లు కుమ్మరించే అలవాటు కొన్నిచోట్ల చూశాను. దయచేసి ఆపించు. చల్లబరచాలంటే గాలి ఊదండి, లేదా నీళ్లలో కలిపిన గ్రాఫైట్ సన్నగా, ప్రతి ముక్కకూ ఒకేలా స్ప్రే చేయండి. అది జారుడుకూ పనికొస్తుంది, వేడీ లాగుతుంది.

ప్రశ్న: సార్, నేను నల్గొండలో మెకానికల్ డిప్లొమా చదువుతున్నాను. కార్ల బాడీకి హాట్ స్టాంపింగ్ చేస్తారని విన్నాను. రేకును చల్లగానే నొక్కొచ్చు కదా, కాల్చడం ఎందుకు? దాని డై మామూలు ఫోర్జింగ్ డైకి ఏం తేడా?
- ఒక విద్యార్థిని, నల్గొండ

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. కారు తలుపు పక్కన ఉండే స్తంభం లాంటి భాగం, దాన్ని పిల్లర్ అంటారు, గుద్దుకున్నప్పుడు మనిషి మీదికి నలగకూడదు. అంత బలమున్న రేకును చల్లగా నొక్కితే పగులుతుంది, లేకపోతే వదలగానే స్ప్రింగ్‌లా వెనక్కి తిరుగుతుంది. అందుకని 22ఎంఎన్‌బీ5 అనే బోరాన్ ఉక్కు రేకు తీసుకుంటారు. మొదట దాని బలం 600 మెగాపాస్కల్ దగ్గర ఉంటుంది, మెత్తనిదే. దాన్ని 900 నుంచి 950 డిగ్రీలకు కాల్చి, చల్లారకముందే డైలో పెట్టి నొక్కి, నొక్కిన డైని వెంటనే తెరవకుండా అట్లాగే బిగించి పట్టుకుంటారు. డై లోపల నీళ్లు పారుతుంటాయి. సెకనుకు 27 డిగ్రీల కంటే వేగంగా చల్లబడితే ఆ రేకు మొత్తం మార్టెన్‌సైట్ అవుతుంది, బలం 1500 మెగాపాస్కల్‌కు చేరుతుంది. ఆకారం ఇవ్వడం, గట్టిపరచడం రెండూ ఒకే నొక్కుడులో. స్వీడన్‌లో ప్లాన్యా అనే కంపెనీ 1977లో దీనికి పేటెంట్ తీసుకుంది, మొదట రంపపు బ్లేడ్లకు, గడ్డి కోసే బ్లేడ్లకు వాడారు. 1984లో సాబ్ 9000 కారుతో ఇది కార్లలోకి వచ్చింది. చూశావా, వ్యవసాయ పనిముట్లకు దగ్గరి చుట్టమే.

తేడా ఏమిటంటే, ఫోర్జింగ్ డై వేడిని ఓర్చుకుంటే చాలు, ఈ డై వేడిని లాక్కోవాలి కూడా. కాబట్టి ఇక్కడ ఉక్కు ఎంత వేగంగా వేడిని లోపలికి పంపుతుందన్నది పెద్ద ప్రశ్న. హెచ్13 ఆ విషయంలో అంత చురుకైనది కాదు, మామూలు తక్కువ కార్బన్ ఉక్కులో సగం మాత్రమే వేడిని పంపుతుంది. అయినా 50 నుంచి 54 హార్డ్‌నెస్‌తో ఎక్కువమంది వాడేది ఈ రకమే. పోటీ పెరిగాక ఉక్కు కంపెనీలు క్రోమియం, సిలికాన్ తగ్గించి మాలిబ్డినం పెంచి, వేడిని బాగా ఎక్కువ పంపే ప్రత్యేక రకాలు తెచ్చాయి. ఖరీదు ఎక్కువే, కానీ డై మూసి ఉంచే సెకన్లు తగ్గితే రోజుకు వచ్చే ముక్కలు పెరుగుతాయి, లెక్క అక్కడ తేలుతుంది. ఇంకో బాధ, రేకు మీద స్కేల్ (కాలినప్పుడు లేచే పెచ్చు) పట్టకుండా పూసే అల్యూమినియం, సిలికాన్ పూత డైకి అంటుకుని గడ్డలు కడుతుంది. దానికి నైట్రైడింగ్ (పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం) చేయిస్తారు, మధ్యమధ్యలో పాలిష్ చేస్తారు. ఈ రంగం నచ్చితే హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, 1968లో మొదలైంది, డై పని నేర్పడానికే పెట్టిన సంస్థ. డిప్లొమా అయ్యాక ఒకసారి వెళ్లి చూసి రా.

ప్రశ్న: సార్, చౌటుప్పల్ దగ్గర మా యూనిట్‌లో బోరాన్ స్టీలు హారో డిస్కులు వేడిగా నొక్కి డైలోనే చల్లారుస్తాం. డై హెచ్13, హీట్ ట్రీట్‌మెంట్ సరిగానే చేయించాం. మొదటి రెండు నెలలు డిస్కులు బాగా వచ్చాయి, ఇప్పుడు ఒక పక్క మెత్తగా వస్తున్నాయి, డై ముఖం మీద నెర్రెలు కూడా మొదలయ్యాయి. ఉక్కు నకిలీదా?
- ఒక పాఠకుడు, చౌటుప్పల్

జవాబు: ఉక్కును అనుమానించే ముందు నీళ్లను చూడండి. బోరు నీళ్లే నేరుగా పెట్టారు కదూ? డిస్కు మెత్తగా వస్తున్న వైపు పైపు విప్పి రంధ్రంలోకి టార్చి వేయండి. తెల్లటి సున్నం పొర కనపడుతుంది, ఇంట్లో గీజర్ రాడ్‌కు పట్టినట్టే. ఆ పొర వేడిని పంపడంలో ఉక్కు కంటే పదింతల దాకా మొద్దు. ఒక్క మిల్లీమీటరు సున్నం పట్టిందంటే నీటికీ డై ముఖానికీ మధ్య ఒక సెంటీమీటరు ఉక్కు అదనంగా అడ్డం పెట్టినట్టు. వేడి బయటికి పోదు, డిస్కు నెమ్మదిగా చల్లబడి మెత్తగా మిగులుతుంది, డై ముఖం ఎక్కువ కాలి నెర్రెలు బారుతుంది. మీ రెండు రోగాలకూ మందు ఒక్కచోటే ఉంది.

నల్గొండ నీళ్లు అనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు. ఈ ప్రాంతంలో పళ్లు, ఎముకలు పాడైన మనుషులను చూసినవాళ్లకు ఆ మాట ఊరికే రాదు, నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పటిక, సున్నం పద్ధతికి నల్గొండ టెక్నిక్ అన్న పేరే ఉంది. కానీ డై రంధ్రాలు మూసేది ఫ్లోరైడ్ కాదు, కాల్షియం, మెగ్నీషియం. బోరు నీటి పరీక్ష చేయించేటప్పుడు నీటి హార్డ్‌నెస్, అంటే ఈ రెండూ ఎంత ఉన్నాయో, విడిగా రాయించండి.

చేయాల్సింది ఇది. నీటిని ఒక ట్యాంకులో పెట్టి అదే తిరిగేలా మూసిన వలయం కట్టండి, మధ్యలో చిల్లర్ గానీ కూలర్ గానీ ఉండాలి. సాఫ్ట్‌నర్ నీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ నింపండి. ఆర్వో నీళ్లు అట్లాగే పోస్తే తుప్పు తొందరగా పడుతుంది, కాబట్టి తుప్పు ఆపే ఇన్‌హిబిటర్ తప్పనిసరి. ఇది చిన్న మాట కాదు, 50 దాటిన హార్డ్‌నెస్ ఉన్న ఉక్కులో రంధ్రం లోపల తుప్పు గుంట పడితే పగులు లోపలి నుంచి మొదలై ముఖానికి వస్తుంది, మీకు కనపడేసరికి డై పోయినట్టే. ఇప్పుడున్న సున్నం తీయడానికి తొందరపడి బాత్రూమ్ యాసిడ్ పోయకండి. ఆ హైడ్రోక్లోరిక్ యాసిడ్ నుంచి హైడ్రోజన్ ఉక్కులోకి దూరి గట్టి డైని పెళుసు చేస్తుంది. సిట్రిక్ యాసిడ్‌ను గోరువెచ్చటి నీళ్లలో కలిపి పంపుతో తిప్పండి, సమయం పడుతుంది, పట్టనివ్వండి. తర్వాత బాగా కడిగి వెంటనే ఇన్‌హిబిటర్ నీళ్లు నింపండి.

ప్రశ్న: అన్నా, మేం దేవరకొండ దగ్గర కమ్మరి పని చేసేవాళ్లం. గొడ్డళ్లకు బెజ్జం పొడిచే పంచ్ లారీ కమాన్ పట్టీతో చేసుకుంటాం. నాలుగు గొడ్డళ్లకే మొన చితికిపోతోంది. హెచ్13 మాకు పనికొస్తుందా?
- ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: పనికొస్తుంది అన్నా, బాగా పనికొస్తుంది, కానీ మీకు తెలిసిన పదును పద్ధతి దీనికి పెట్టొద్దు. కమాన్ పట్టీ మంచి ఉక్కే, వేడి ఇనుములో ఉన్న కాసేపటికి దాని పదును పోతుంది, అంతే. మీరు ఎట్లాగూ రెండు మూడు దెబ్బలకు ఒకసారి పంచ్ తీసి నీళ్లలో ముంచుతారు కదా, హెచ్13ను మాత్రం అట్లా ముంచకండి, వేడి మీద నీళ్లలో పడితే పగులుతుంది. ఇది గాలికే గట్టిపడే ఉక్కు. రెండు పంచ్‌లు పెట్టుకుని ఒకటి గాలికి ఆరుతుంటే ఇంకొకటి వాడండి. బెజ్జంలో చిటికెడు బొగ్గు పొడి వేసే పాత పద్ధతి మాత్రం వదలొద్దు, బొగ్గు మండి గ్యాస్ పుట్టి పంచ్‌ను అంటుకోనివ్వదు, పైకి లేపుతుంది.

మీ దగ్గర కొలిమి మాత్రమే ఉంటే 1020 డిగ్రీలు కంటితో పట్టడం కష్టం, నారింజ రంగు దాటి పసుపులోకి పోకుండా చూడాలి. మొన తయారుచేశాక హైదరాబాద్‌లో హీట్ ట్రీట్‌మెంట్ చేసేచోట నలుగురైదుగురివి కలిపి ఒకేసారి ఇప్పించుకోవడం మేలు, 48 అని రాసివ్వండి. సుత్తె తగిలే తలకాయ వైపు మెత్తగా వదిలేయమనండి, లేకపోతే పెంకు ఎగిరి కంట్లో పడుతుంది.

ప్రశ్న: స్పార్క్ మిషన్ (కరెంటు నిప్పురవ్వలతో ఉక్కును చెక్కేది) మీద చేసిన హెచ్13 డైలు రెండూ స్పార్క్ తగిలిన జాగాలోనే పగిలాయి. వెల్డింగ్ పెట్టి వాడొచ్చా?
- ఒక పాఠకుడు, కొత్తూరు

జవాబు: స్పార్క్ తగిలిన చోట ఉక్కు కరిగి మళ్లీ గట్టిపడి సన్నటి తెల్ల పొర ఏర్పడుతుంది, దాంట్లోనే కంటికి కనపడని పగుళ్లు ఉంటాయి. చివర్లో తక్కువ కరెంటుతో సన్న ఫినిష్ పెట్టించి, ఆ పొరను స్టోన్‌తో పూర్తిగా అరగదీయాలి. తర్వాత ముందు చేసిన టెంపరింగ్ కంటే 20, 25 డిగ్రీలు తగ్గించి ఇంకోసారి టెంపర్ చేయించాలి. మూడో డైకి ఇది చేసి చూడండి.

వెల్డింగ్ పెట్టొచ్చు. పగులు అడుగు దాకా గ్రైండ్ చేసి తీయాలి, డై మొత్తాన్ని 325 డిగ్రీలకు తగ్గకుండా వేడి చేసి ఆ వేడి మీదే హెచ్13 రకం రాడ్‌తో పెట్టాలి, బూడిదలోనో వర్మిక్యులైట్‌లోనో కప్పి నెమ్మదిగా ఆరనిచ్చి వెంటనే టెంపరింగ్. చల్లటి డై మీద మామూలు రాడ్‌తో కుట్టేస్తే పక్కనే కొత్త పగులు వస్తుంది.

ప్రశ్న: షాపువాళ్లు ఇచ్చేది నిజంగా హెచ్13 అని ఎట్లా తెలుస్తుంది?
- ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: పెయింట్ గుర్తు చూసి నమ్మకండి. హీట్ నంబరు (ఆ ఉక్కు కరిగించిన విడతకు ఇచ్చే నంబరు) ఉన్న మిల్ టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, ఆ నంబరు బ్లాక్ మీద కొట్టి ఉందో లేదో చూడండి. కోసేటప్పుడు నంబరున్న కొన షాపులోనే ఉండిపోతుంది, అందుకని మీ ఎదురుగా కోయించి, మీ ముక్క మీద కూడా కొట్టించుకోండి. తర్వాత చిన్న ముక్క ఏదైనా ల్యాబ్‌లో స్పెక్ట్రో పరీక్షకు ఇవ్వండి. క్రోమియం 5 దగ్గర ఉందా, మాలిబ్డినం 1.1 తగ్గకుండా ఉందా, వనేడియం 0.8 తగ్గకుండా ఉందా, ఈ మూడూ చూడండి. వనేడియం 0.4 దగ్గర వస్తే అది హెచ్11 అయ్యుంటుంది. అది నకిలీ కాదు, దాన్ని కూడా వేడి డైలకు వాడతారు, కానీ మీరు హెచ్13 డబ్బులు కట్టారు. పెద్ద బ్లాక్ అయితే అల్ట్రాసోనిక్ పరీక్ష కూడా చేయించండి, లోపల బొక్క ఉంటే మిల్లింగ్ అంతా అయ్యాక బయటపడుతుంది.